పాటల్లేని ప్రేమబాణీలు

తెలుగులో ప్రేమపాటలకి కొదవ లేదు. ఏ సందర్భానికి ఆ పాట ఉంది, ఏ తరానికి ఆ గొంతు ఉంది. నేనిప్పుడు రాయబోయేది వాటి గురించి కాదు. తెర మీద ఇద్దరూ పెదవి విప్పకుండా నిలబడి ఉంటారు. వెనక ముప్పయ్యో నలభయ్యో వయొలిన్లు వాళ్ల బదులు మాట్లాడతాయి. సినిమావాళ్లు లవ్ థీమ్ అని పిలిచే ఆ బాణీలంటే నాకు ప్రాణం. మెట్టుగూడలో మా ఇంట్లో సాయంత్రాలు పిల్లలకి వయొలిన్ నేర్పుతాను కాబట్టి ఆ ఇష్టాన్ని వాళ్లకీ అంటిస్తున్నాను.

మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. నేను పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. మా వీధిలో ఒక చివర కర్ణాటక వయొలిన్ నేర్పే టీచరమ్మ ఉండేవారు. ఇంకో చివర ఒక ఆంగ్లో ఇండియన్ అంకుల్ ఉండేవారు. ఆయన రైలింజన్ డ్రైవర్‌గా రిటైరై, ఆదివారాలు చర్చిలో వయొలిన్ వాయించేవారు. టీచరమ్మ దగ్గర కింద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి వాయించాలి. అంకుల్ దగ్గర నిటారుగా నిలబడి గడ్డం కింద పెట్టుకోవాలి. వాయిద్యం అదే, కమాను అదే, కానీ ఒళ్లంతా మార్చుకోవాల్సి వచ్చేది.

టీచరమ్మ నాకు క్షేత్రయ్య పదాలు నేర్పారు. పదమంటే చౌక కాలం, అంటే బాగా నిదానమైన నడక. ఒక్క పల్లవి వాయించేసరికే కమాను పట్టుకున్న చెయ్యి లాగేసేది. నేను లయ పెంచబోతే ఆవిడ చేత్తో తాళం ఆపేసి, "తొందరేంటి తల్లీ, ఆవిడ ఎదురుచూస్తోంది కదా!" అనేవారు. ఆవిడ అంటే మువ్వగోపాలుడి కోసం కూర్చున్న నాయిక. ఎదురుచూస్తున్న మనిషి గడియారం వేరేగా నడుస్తుందని, బాణీ ఆ గడియారాన్నే పట్టుకోవాలని టీచరమ్మ చెప్పేవారు.

అంకుల్ ఇంట్లో రికార్డ్ ప్లేయర్ ఉండేది. నేను మొదట విన్న ఇంగ్లిష్ సినిమా సంగీతం అక్కడిదే. ఇన్నేళ్ల తర్వాత నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రేమబాణీలు వరసగా పెట్టుకుని చూస్తే, అన్నీ టీచరమ్మ మాటకి కట్టుబడినవే. అవి ఆలస్యం చేస్తాయి. చేరాల్సిన స్వరం పక్కదాకా తీసుకెళ్లి, అక్కడ ఆపి, మనల్ని కాచుకోమంటాయి.

దీనికి నా దగ్గర మంచి సాక్ష్యం ఒకటుంది. 'గాడ్‌ఫాదర్' ప్రేమబాణీ తెలియనివాళ్లు అరుదు. సిసిలీలో మైకేల్, అపొలోనియాల కథకి నీనో రోటా ఇచ్చినది. ఆ సినిమా 1972లో వచ్చింది. సంగీతానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చి, తర్వాత వెనక్కి పోయింది. కారణం, అదే బాణీని రోటా 1958లో 'ఫార్చునెల్లా' అనే ఇటాలియన్ సినిమాలో వాడేశారు. ఆ పాత రూపం దొరికితే వినండి. వేగంగా, హుషారుగా, నవ్వులాటగా సాగుతుంది. స్వరాలు అవే. లయ తగ్గించి, మాండొలిన్‌కీ స్ట్రింగ్స్‌కీ (వయొలిన్ జాతి వాద్యాల గుంపుకి) అప్పగించేసరికి అదే బాణీ గుండెని పిండేసింది. మధ్యమ కాలంలో నవ్వించినది చౌక కాలంలో ఏడిపించింది. నామినేషన్ వెనక్కి తీసుకోవడం నాకు అన్యాయమనే అనిపిస్తుంది. ఒక బాణీకి సరైన వేగం కనుక్కోవడం కూడా సృష్టే. రెండో భాగానికి కార్మైన్ కొప్పోలాతో కలిసి ఆస్కార్ అందుకున్నారు కాబట్టి లెక్క కొంత సరిపోయింది.

వేగం ఒక్కటే సరిపోదు. ఇంకో కిటుకు ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నిషాదం (ని) దాకా వచ్చి, పై షడ్జమానికి (స) పోకుండా అక్కడే నిలబడితే వినేవాళ్ల ప్రాణం ఎంత లాగుతుందో మనకి తెలుసు. ఆర్కెస్ట్రాలో ఈ పని ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. కింద వయొలిన్ కన్నా పెద్దవైన చెల్లోలు, వయొలాలు ఒక కార్డ్, అంటే ఒకేసారి పలికే కొన్ని స్వరాలు, పట్టుకుని ఉంటాయి. పైన బాణీ ఆ కార్డ్‌కి చెందని స్వరం మీద దిగుతుంది. గడప దగ్గర ఆగిపోయిన చుట్టంలా లోపలికి రాదు, వెళ్లిపోదు. కాసేపటికి ఒక్క మెట్టు కిందికి జారి కార్డ్‌లో కలుస్తుంది. పాశ్చాత్య సంగీతంలో దీన్ని అపోజియాతురా అంటారు. నా దగ్గర తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఇలాంటి చోటొకటి వాయిస్తూ ఆగిపోయి, "మేడమ్, ఇది కింద నోట్‌తో పొసగట్లేదు" అన్నాడు. "పొసగదురా. పొసిగేదాకా అక్కడే ఉండు" అన్నాను. వాడు ఆ స్వరం మీద నిలబడ్డాడు. దిగాక మొహమంతా మారిపోయింది.

ఆ కిటుకుని చివరిదాకా లాగిన మనిషి జర్మన్ స్వరకర్త వాగ్నర్. 'ట్రిస్టన్ అండ్ ఇసోల్డ్' ఒపేరా 1865లో మ్యూనిక్‌లో మొదటిసారి వేశారు. మొదట్లో వినపడే ఆ తెగని కార్డ్, ఒపేరా చివర్లో ఇసోల్డ్ ప్రాణం వదిలేటప్పుడు గానీ పూర్తిగా తీరదు. కొన్ని గంటలసేపు ఒకే కోరిక. హాలీవుడ్ ప్రేమ సంగీతమంతా ఆ ఒపేరాకి ఎంతో కొంత బాకీ ఉంది. ఆ బాకీని అందరికన్నా గొప్పగా తీర్చింది సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్.

హిచ్‌కాక్ తీసిన 'వెర్టిగో' 1958 నాటిది. హీరో ప్రేమించిన మెడలీన్ చనిపోయింది. ఆమె పోలికలున్న జూడీ కనిపిస్తే, ఆమెకి అవే బట్టలు కొనిచ్చి, అదే రంగు జుట్టు వేయించి, చనిపోయిన మనిషిని మళ్లీ తయారుచేస్తాడు. హోటల్ గదిలో చివరిగా ఒక్క విషయం మిగిలింది, జుట్టు ముడి. ఆమె లోపలికెళ్లి ముడి వేసుకుని రావాలి. అతను ఎదురుచూడాలి. ఇక్కడ మాటలు పెట్టొద్దని, కెమెరా, నీ సంగీతం మాత్రమే ఉండాలని హిచ్‌కాక్ హెర్మన్‌కి చెప్పారట. హెర్మన్ స్ట్రింగ్స్‌ని దాదాపు వినపడని స్థాయిలో, వణుకుతూ మొదలుపెడతారు. చిన్న చిన్న పదబంధాలు ఒక మెట్టు ఎక్కుతాయి, ఆగుతాయి, మళ్లీ ఎక్కుతాయి. తలుపు తెరుచుకుంటుంది. బయటి నియాన్ బోర్డు ఆకుపచ్చ వెలుగులో ఆమె నడిచొస్తుంది. అప్పుడు గానీ ఆర్కెస్ట్రా పూర్తిగా గొంతు విప్పదు.

నేను ఈ ఘట్టాన్ని పెద్ద పిల్లలకి మొదట బొమ్మ లేకుండా వినిపిస్తాను. అందరూ ఇది గొప్ప ప్రేమకథ అంటారు. తర్వాత బొమ్మతో చూపిస్తే ఇబ్బందిగా కదులుతారు. అతను చేస్తున్నది దారుణం. బతికున్న మనిషిని చెరిపేసి చనిపోయిన మనిషిని రాస్తున్నాడు. సంగీతం మాత్రం అతని మనసులోంచి వస్తోంది కాబట్టి, అతనికి అది ఎంత పవిత్రంగా ఉందో మనకీ అంతే పవిత్రంగా వినిపిస్తుంది. ప్రేమబాణీ న్యాయం చెప్పదని, ఎవరి గుండెలో ఉంటే వాళ్ల పక్షాన పలుకుతుందని నాకు నేర్పింది ఈ సినిమానే. ఇంత గొప్ప సంగీతాన్ని హెర్మన్ స్వయంగా కండక్ట్ చెయ్యలేకపోయారు. అమెరికాలో సంగీతకారుల సమ్మె జరుగుతుంటే రికార్డింగ్ లండన్‌కి మారింది. అక్కడివాళ్లు కూడా సమ్మెకి మద్దతుగా ఆపేస్తే మిగతాది వియన్నాలో చేశారు. కండక్టర్ మ్యూర్ మాథీసన్.

ఇక ఇటాలియన్ సంగీత దర్శకుడు మొరికోనె. ఆయన గురించి రాయడం మొదలుపెడితే ఆపడం కష్టం, రెండింటితో సరిపెట్టుకుంటాను.

'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా' (1984) కోసం చేసిన డెబోరా బాణీ నా మొదటి ప్రేమ. నిజానికి దాన్ని జెఫిరెల్లి అనే ఇంకో దర్శకుడి సినిమా కోసం మొదలుపెట్టారు, అక్కడ కుదరలేదు. దర్శకుడు సెర్జియో లియోనెకి ఒక అలవాటుండేది. సంగీతం ముందే రాయించుకుని, షూటింగ్ జరుగుతుంటే సెట్ మీద వినిపించేవారు. ఆ నటుల నడకలో, చూపు తిప్పడంలో కనపడే నిదానం అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం. బాణీలో స్వరాలెన్నో విరామాలూ అన్ని. స్ట్రింగ్స్ ఒక మాట అంటాయి, ఆగుతాయి. ఇంకోటి అనబోయి మళ్లీ ఆగుతాయి. పైన గాయని ఎడ్డా డెల్ ఓర్సో గొంతు, మాటల్లేకుండా. టీచరమ్మ వింటే మెచ్చుకునేవారు. కథలో నూడుల్స్ అనే మారుపేరున్న హీరో తను ప్రేమించిన డెబోరాని తన చేతులతోనే నాశనం చేసుకున్నాడు, ఆమె మీద అత్యాచారం చేశాడు. ముసలితనంలో మేకప్ గదిలో ఆమె ఎదుట నిలబడినప్పుడు ఈ బాణీ వస్తుంది. ఆ సంగీతంలో అతనికి క్షమాపణ దొరుకుతుందని కొందరంటారు. నాకలా అనిపించదు. ఏం పోగొట్టాడో అతనికి లెక్క చూపించడానికే అది అంత అందంగా ఉంది.

రెండోది 'సినిమా పారడీసో' (1988). దీన్ని చాలా ఏళ్ల కిందట అమీర్‌పేటలో ఒక ఫిల్మ్ క్లబ్ వేస్తే చూశాను. ఊళ్లో పూజారిగారు సినిమాలు ముందే చూసి, ముద్దు సీన్ వచ్చినప్పుడల్లా గంట కొడతారు. ఆపరేటర్ అల్ఫ్రెడో ఆ ముక్క కత్తిరించేస్తాడు. అల్ఫ్రెడో పోయాక, ఆ ముక్కలన్నీ అతికించిన రీలు చిన్నప్పుడు అతని వెంట తిరిగి, ఇప్పుడు పెద్ద దర్శకుడైన టోటో చేతికొస్తుంది. కత్తిరించిన ముద్దులన్నీ ఒకదాని వెంట ఒకటి తెర మీద. వాటి వెనక వచ్చే ప్రేమబాణీ మొరికోనెది కాదు, ఆయన కొడుకు ఆంద్రియాది. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు. పాతికేళ్లు నిండని కుర్రాడు నలభై ఏళ్ల ఎదురుచూపుకి సంగీతం రాశాడు, తండ్రి దాన్ని తన సంగీతం మధ్యలో గౌరవంగా కూర్చోబెట్టారు. బ్రిటిష్ అకాడమీ అవార్డు తండ్రీకొడుకులిద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ రోజు అమీర్‌పేటలో దీపాలు వెలిగాక ముందు వరసలో ఒక పెద్దాయన లేవలేదు. నిర్వాహకులు ఆయన్ని లేపకుండా కుర్చీలు సర్దుకోవడం నాకిప్పటికీ గుర్తు.

'డాక్టర్ జివాగో' (1965) లారా బాణీ అంకుల్‌కి ప్రాణం. వాల్ట్జ్, అంటే మన తిశ్రం, మూడేసి దెబ్బల నడక. మోరిస్ జార్ మొదట రాసిన ట్యూన్లేవీ దర్శకుడు డేవిడ్ లీన్‌కి నచ్చలేదు. రష్యాని, జివాగోని మర్చిపోయి, నీ ప్రియురాలితో కొండల్లోకి పోయి, ఆమె కోసం రాయమన్నారట. ఆ సలహా నుంచి పుట్టినదే ఈ ట్యూన్. బాలలైకా అనే రష్యన్ తీగవాద్యం వాయించేవాళ్లు ఆర్కెస్ట్రాలో దొరక్క, లాస్ ఏంజెలెస్‌లోని రష్యన్ చర్చి నుంచి తీసుకొచ్చారు. వాళ్లకి నొటేషన్ చదవడం రాదు, చెవితో పట్టేశారు. మన దగ్గర భజన మండలి వాళ్లు నేర్చుకునే పద్ధతే కాబట్టి నాకు ఆ కబురంటే ప్రత్యేకమైన ఇష్టం. బాణీ విషయానికొస్తే నాకు కాస్త తీపి ఎక్కువ. అంకుల్ ఉంటే ఒప్పుకోరు.

జాన్ బారీది అసలైన నిదానం. 'అవుట్ ఆఫ్ ఆఫ్రికా' (1985)లో చిన్న విమానం ముందు సీట్లో ఆమె, వెనక సీట్లో అతను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. కింద సరస్సు మీద పక్షుల గుంపు లేస్తుంది. ఆమె వెనక్కి చెయ్యి చాపుతుంది, అతను అందుకుంటాడు. అంతే. బారీ స్ట్రింగ్స్‌కి పొడవాటి గీతలు గీసి ఇచ్చి, ఫ్రెంచ్ హార్న్‌లని లోపల్నుంచి లేపుతారు. శనివారాలు మాదాపూర్‌లో క్లాసుకి మెట్రోలో వెళ్తుంటే ఇదే పెట్టుకుంటాను. రసూల్‌పురా దాటాక బేగంపేట వైపు పట్టాలు ఇళ్ల కప్పుల ఎత్తున సాగుతాయి, డాబాల మీద ఆరేసిన చీరలు కనపడతాయి. ఆ ఎత్తుకీ ఆ సంగీతానికీ చక్కగా కుదురుతుంది.

ఆయనదే ఇంకొకటి, 'సమ్‌వేర్ ఇన్ టైమ్' (1980). తల్లిదండ్రులు పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు రాశారు. సినిమా ఆడలేదు గానీ సంగీతం నిలిచిపోయింది. అందులో బారీ బాణీ పక్కనే రష్యన్ స్వరకర్త రాఖ్‌మనినోవ్ 1934లో, వయొలిన్ విద్వాంసుడు పగనీని బాణీ ఒకటి తీసుకుని అల్లిన వరస నుంచి పద్దెనిమిదో భాగం కూడా వస్తుంది. పగనీని బాణీని రాఖ్‌మనినోవ్ తలకిందులు చేశారు. ఎక్కే మెట్లన్నీ దిగేవయ్యాయి, దిగేవన్నీ ఎక్కేవయ్యాయి. గడుసుగా ఉండే చిన్న ట్యూన్ లోపల అంత ప్రేమ దాగుందని ఎవరు ఊహిస్తారు? పిల్లలకి కాగితం మీద స్వరాలు రాసి, అద్దం పెట్టి చూపిస్తే కేరింతలు కొడతారు.

మా తరం సికింద్రాబాద్ పిల్లలకి ఇంగ్లిష్ సినిమా అంటే సంగీత్ థియేటర్. అదిప్పుడు లేదు. 'టైటానిక్' ఇక్కడికి వచ్చినప్పుడు ఊరంతా సెలీన్ డియాన్ పాటే పాడుకుంది. దర్శకుడు కామెరాన్ అసలు పాటే వద్దన్నారని, జేమ్స్ హార్నర్ చాటుగా రికార్డ్ చేసి వినిపించారని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ బాణీ అసలు రూపం జాక్ తన ప్రేయసి బొమ్మ గీసే చోట ఉంది. పక్కన వాద్యాలేవీ ఉండవు, పియానో ఒక్కటే. వాయించింది హార్నర్ స్వయంగా. బొగ్గు ముక్క కాగితం మీద కదిలే వేగంతోనే వేళ్లు కదులుతాయి. 2015లో ఆయన నడుపుతున్న విమానం కూలి చనిపోయారని వార్త వచ్చిన సాయంత్రం నేను క్లాసు తీసుకోలేదు. పిల్లల్ని కూర్చోబెట్టి ఇదే వినిపించాను.

జాన్ విలియమ్స్ సంగతి మా అమ్మాయికి వదిలేస్తాను. 'స్టార్ వార్స్' వరసలో 2002 నాటి సినిమాకి ఆయన ఓబో అనే ఊదే వాద్యానికి రాసిన బాణీ ప్రపంచంలోకెల్లా గొప్పదని దాని వాదన. ఓబో మొదలుపెట్టిన తీరు బాగుంది, నిజమే. కానీ అక్కడి ప్రేమికుల మాటలు సంగీతం ఎత్తుకి అందవు, నాకు ఆ ఎడం తెలిసిపోతుంది.

మన దగ్గరికొస్తే పద్ధతే వేరు. మన ప్రేమబాణీ ముందు పాటగా పుడుతుంది. తర్వాత రీరికార్డింగ్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, మాటలు వదిలేసి, వేణువుగానో వయొలిన్‌గానో సినిమా అంతా తిరుగుతుంది. మనసున్న సంగీత దర్శకుడైతే పాటలో చెప్పలేనిది అక్కడ చెబుతాడు. ఇళయరాజా అంతా నేరుగా నొటేషన్‌లో రాసేస్తారు.  వయొలిన్లకేం రాయాలో, చెల్లోకేం రాయాలో తలలోనే వినపడుతుంది. ఆయన స్ట్రింగ్స్‌ని ఏళ్ల తరబడి ముందుండి నడిపించిన వి.ఎస్. నరసింహన్ మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ అనే నలుగురి బృందం పెట్టి త్యాగరాజ కృతుల్ని పాశ్చాత్య హార్మనీతో వాయించారు. లాలాగూడ రెండు చివర్ల మధ్య నడిచిన నాకు ఆ రికార్డు దొరికినప్పుడు, రెండిళ్లవాళ్లూ ఒకే అరుగు మీద కూర్చున్నట్టు అనిపించింది.

'గీతాంజలి' (1989) గురించి ఒక్క విషయం చెప్పాలి. అందరూ ఊటీ మంచుని, వేటూరి మాటల్ని తలుచుకుంటారు. నేను 'ఓం నమః' పాట మొదటి క్షణాల గురించి ఆలోచిస్తాను. తాళంగా పెట్టింది గుండె చప్పుడుని. కథలో ఆ అమ్మాయి జబ్బే గుండెది. ఆగిపోతుందని తెలిసిన గుండెనే తాళంగా తీసుకుని దాని మీద అంత మోహమైన పాట కట్టారు. తర్వాత స్ట్రింగ్స్ వచ్చి చప్పుడుని చుట్టేస్తాయి. ఆ పాటలో వాద్యాలు ఎంత నిండుగా పలికినా, కింద ఆ చప్పుడు ఉందని ఒకసారి గమనించాక భయం లేకుండా వినలేం.

'దళపతి' (1991)లో 'సుందరీ' పాట కళ్యాణి రాగం. బొంబాయిలో పెద్ద ఆర్కెస్ట్రాతో రికార్డ్ చేశారు. యుద్ధానికి వెళ్లే వీరుడు, అతని కోసం కాచుకునే అమ్మాయి. పల్లవికీ చరణానికీ మధ్య సంగీతంలో యుద్ధం జరిగిపోతుంది, ట్రంపెట్లు, డ్రమ్స్, పరుగెత్తే వయొలిన్లు. అది ముగిశాక కళ్యాణి మళ్లీ నెమ్మదిగా గొంతులోకి తిరిగొచ్చే చోటు ఉంటుంది. ఆ నాలుగు క్షణాల కోసమే ఆ పాట వింటాను. కథలో ఆ అమ్మాయి చివరికి అతనికి దక్కదు. సంగీతానికి ఆ సంగతి ముందే తెలుసు. 2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ 'వాలియంట్' వినిపించినప్పుడు ఆయన వయసు ఎనభై దాటింది. మా క్లాసు పిల్లలకి ఆ రోజు స్వీట్లు పంచాను.

'సీతారామం' (2022) ఇంకా చూడనివాళ్లుంటే ఈ పేరా దాటేయండి. రాముడి ఆఖరి ఉత్తరం ఇరవై ఏళ్లు ఆలస్యంగా సీత చేతికొస్తుంది. సీత మన హైదరాబాద్ రాజకుటుంబపు నూర్జహాన్. కథ నిండా ఆలస్యమే. విశాల్ చంద్రశేఖర్ సంగీతంలో స్ట్రింగ్స్ ఎక్కడా తొందరపడవు. ఉత్తరం చదివేటప్పుడు వయొలిన్లు మాటల వెనకాల నడుస్తాయి గానీ ముందుకి దూకవు. ఈ మధ్య తెలుగు సినిమాలో ఆ సంయమనం అరుదు. కౌగిలి కనపడగానే వాల్యూమ్ పెంచేసే రీరికార్డింగ్ విని విని చెవులు అలసిపోయాయి.

ఇప్పుడు మన సినిమాల స్ట్రింగ్స్ చాలాసార్లు బుడాపెస్ట్‌లోనో ఉత్తర మాసిడోనియాలోని స్కోప్యేలోనో రికార్డవుతున్నాయి. సంగీత దర్శకుడు ఇక్కడ స్టూడియోలో కూర్చుని ఆన్‌లైన్‌లో వింటూ సూచనలిస్తాడు. శబ్దం నిండుగా, శుభ్రంగా ఉంటుంది. వాళ్లు రాసింది రాసినట్టు వాయిస్తారు, గమకం మాత్రం కాగితం మీద పూర్తిగా పట్టదు. అందుకని కింద పరుపులా పరుచుకునే స్ట్రింగ్స్ అన్నీ అక్కడివాళ్ల చేత వాయించి, పైన ఒంటరి వయొలిన్‌ని చెన్నైలోనో ఇక్కడో మనవాళ్ల చేత వాయిస్తారు. శ్రద్ధగా వింటే ఆ రెండు పొరలూ విడిగా తెలుస్తాయి. ఆ కలయిక బాగా కుదిరిన చోట నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

చివరికి 'యుమెజి' బాణీ దగ్గరికొచ్చాను. చాలామందికి ఇది వాంగ్ కార్ వై తీసిన 'ఇన్ ది మూడ్ ఫర్ లవ్' (2000) ద్వారా తెలుసు. షిగేరు ఉమెబయాషి దీన్ని 1991లో యుమెజి అనే చిత్రకారుడి మీద వచ్చిన జపాన్ సినిమాకి రాశారు. ఇదీ ఒకచోట పుట్టి ఇంకోచోట కాపురం పెట్టినదే. 1962 నాటి హాంకాంగ్. పక్కపక్క గదుల్లో ఉండే ఒకరి భార్య, ఇంకొకరి భర్త. వాళ్ల జీవిత భాగస్వాములిద్దరికీ ఒకరితో ఒకరికి సంబంధం ఉంది. వీళ్లు మాత్రం హద్దు దాటరు. ఆమె క్యారియర్ పట్టుకుని నూడుల్స్ కోసం ఇరుకు మెట్లు దిగుతుంది, అతను ఎక్కుతాడు, భుజాలు ఇంచుమించు తగులుతాయి. అంతా స్లో మోషన్. కింద వాద్యాలు కమాను వదిలేసి వేళ్లతో తీగలు మీటుతూ తిశ్రం నడుపుతాయి. పైన ఒక వయొలిన్ దీర్ఘంగా మూలుగుతుంది. మీటిన తీగ వెంటనే ఆరిపోతుంది, కమాను లాగిన స్వరం వదలదు. కింద కాలం గడిచిపోతోంది, పైన కోరిక గడవటం లేదు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత చెప్పిన బాణీ నాకింకోటి తెలియదు.

మా పిల్లలతో దీన్ని తయారు చేయిస్తున్నాను. వేళ్లతో మీటే భాగం చిన్నవాళ్లకి. పై వయొలిన్, పొసగని స్వరం మీద నిలబడడం నేర్చుకున్న ఆ తొమ్మిదో తరగతి పిల్లాడికి. చెల్లో ఒకటి దొరికింది. వయొలా మాత్రం లేదు, వయొలా లేకపోతే మధ్యలో ఖాళీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ప్రస్తుతానికి ఒక పాత వయొలిన్‌కి వయొలా తీగలు వేసి చూస్తున్నాను. మంద్రంలో శబ్దం పలచగా ఉంది గానీ పని జరుగుతోంది. సికింద్రాబాద్ వైపు వయొలా వాయించేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. రిహార్సల్ ఆదివారం పొద్దున, టిఫిన్ మా ఇంట్లోనే.